డిలే కన్నా ముందు పవర్ సప్లై కొను

ప్రభువునందు ప్రియమైన తమ్ముడికి, వందనాలు.

చర్చిలో వాయించే నీ గిటార్ పెడల్ బోర్డుకి షిమ్మర్ రివర్బ్ (హాల్లో మోగినట్టు గుంగుం ఇచ్చి, దానికి పై స్థాయి స్వరం కలిపే పెడల్) కొనాలా, మంచి డిలే (వాయించింది ప్రతిధ్వనిలా మళ్లీ వినిపించే పెడల్) కొనాలా అని అడిగావు. ముందు పవర్ సప్లై కొను. ఒకే అడాప్టర్ నుంచి గొలుసులా అయిదు పెడల్స్‌కి కరెంటు ఇస్తే, డిజిటల్ పెడల్ చేసే కీచుమనే చప్పుడు శబ్దాన్ని గరుకుగా చేసే ఓవర్‌డ్రైవ్ పెడల్‌లోకి దూరుతుంది. నువ్వు ఓవర్‌డ్రైవ్ నొక్కగానే అదే పెద్దదై హాలంతా వినిపిస్తుంది. ఏ అవుట్‌పుట్‌కి ఆ అవుట్‌పుట్ విడిగా ఉండే 'ఐసోలేటెడ్' రకం తీసుకో. చాలా పెడల్స్‌కి 9 వోల్టులు, మధ్య పిన్ను నెగటివ్. ఓవర్‌డ్రైవ్‌కి 10, 20 మిల్లీఆంప్స్ సరిపోతాయి గానీ, పెద్ద డిజిటల్ రివర్బ్‌కి 300 దాకా కావాలి. దాన్ని 100 ఇచ్చే దాంట్లో గుచ్చితే లైటు వెలగొచ్చు, పాట మధ్యలో ఆగిపోతుంది. మిల్లీఆంప్స్ ఎక్కువున్నా ఏమీ కాదు, వోల్టులు ఎక్కువైతే పెడల్ కాలిపోవచ్చు.

వరస ఇలా పెట్టుకో: ట్యూనర్, కంప్రెసర్ (పెద్ద, చిన్న శబ్దాల్ని సమం చేసేది), ఓవర్‌డ్రైవ్, వాల్యూమ్ పెడల్, డిలే, చివర్న రివర్బ్. వాల్యూమ్ పెడల్ డిలేకి ముందుంటే, కాలు వెనక్కి తీసినా డిలే తోక, అంటే మిగిలిన ప్రతిధ్వని, మెల్లగా కరిగిపోతుంది. డిలే తర్వాత పెడితే ఆ తోక టక్కున తెగుతుంది. ప్రార్థన సమయంలో అలా తెగడం ఎంత చెడ్డగా ఉంటుందో నీకు తెలుసు.

ఇక డిలే. ఇంగ్లీషు వర్షిప్ పాటల్లో వినిపించే ఆ గలగల డాటెడ్ ఎయిత్, అంటే దెబ్బలో ముప్పాతిక వంతు గడిచాక వచ్చే ప్రతిధ్వని. 60,000ని టెంపోతో (నిమిషానికి ఎన్ని దెబ్బలో, అదే బీపీఎం) భాగించి 0.75తో గుణించు. 72 బీపీఎంకి 625 మిల్లీసెకన్లు వస్తుంది. రిపీట్స్ (ఎన్నిసార్లు ప్రతిధ్వనించాలో) మూడు, మిక్స్ (ప్రతిధ్వని పాలు) 30 శాతం దాటొద్దు.

అయితే మన తెలుగు పాటల్లో చాలావాటిది తకిట తకిట నడక, అంటే సిక్స్ ఎయిట్. అందరూ బోల్తా పడేది ఇక్కడే. తకిట ఒక్కోటి ఒక సెకను అనుకో. 'త' సున్నా దగ్గర, 'కి' 333 మిల్లీసెకన్ల దగ్గర, 'ట' 667 దగ్గర పడతాయి. నువ్వు దెబ్బకి ట్యాప్ చేసి (బటన్ నొక్కి డిలేకి వేగం చెప్పి) డాటెడ్ ఎయిత్‌లో వదిలేస్తే ప్రతిధ్వని 750 దగ్గర పడుతుంది. అంటే 'ట' అయిపోయాక, తర్వాతి 'త' రాకముందు. డోలక్ వాయించేవాడు నిన్ను గుర్రుగా చూస్తాడు, వాడి తప్పేం లేదు. ట్రిప్లెట్‌కి (దెబ్బని మూడు భాగాలు చేసే సెట్టింగుకి) మార్చు, లేదా 333 గానీ 667 గానీ పెట్టు, నడకలో కలిసిపోతుంది. క్లిక్ (చెవిలో వినిపించే మెట్రోనోమ్) లేకుండా వాయించే చోట చరణాల్లో వేగం పెరుగుతూనే ఉంటుంది, కాబట్టి పల్లవికి తిరిగొచ్చిన ప్రతిసారీ మళ్లీ ట్యాప్ చెయ్యి.

రాగంలో కట్టిన పాత కీర్తనలకి డిలే ఆపేయడమే మంచిదని నా అభిప్రాయం. మాయామాళవగౌళలో షడ్జానికీ శుద్ధ రిషభానికీ మధ్య ఒక్క ఫ్రెట్టే దూరం. డిలేలో మిగిలిన స మీద నువ్వు రి మీటితే రెండూ గీరుకుంటాయి. గమకం లాగితే ఇంకా గజిబిజి. కొంచెం రివర్బ్, క్లీన్ టోన్, అంతే.

రివర్బ్ సంగతి కూడా: ఇంట్లో హెడ్‌ఫోన్స్‌లో బాగుందనిపించిన సెట్టింగు హాల్లో పనికిరాదు. కాంక్రీటు గోడల హాలుకి తన గుంగుం తనకే ఉంటుంది. నీ రివర్బ్‌లో డికే (గుంగుం ఎంతసేపు నిలవాలో చెప్పే సెట్టింగు) సగానికి తగ్గించుకుని వెళ్లు. పాస్టర్ గారు వాక్యం మొదలుపెట్టగానే పూర్తిగా ఆపేయ్.

ఆంప్ లేకుండా నేరుగా మిక్సర్‌కి ఇస్తున్నావు కదా, క్యాబ్ సిమ్యులేటర్ (గిటార్ స్పీకర్ పెట్టె శబ్దాన్ని అనుకరించేది) తప్పనిసరి. గిటార్ స్పీకర్‌లో సుమారు 5 కిలోహెర్ట్జ్ దాటాక శబ్దం బాగా పడిపోతుంది. ఆ కోత లేకపోతే ఓవర్‌డ్రైవ్ కందిరీగల గూడులా ఉంటుంది. డీఐ బాక్స్ ఒక్కటే ఆ పని చెయ్యదు, అది సిగ్నల్‌ని మైక్ ఇన్‌పుట్‌కి తగ్గట్టు మారుస్తుందంతే.

అద్దె హాళ్లలో ఎర్తింగ్‌ని నమ్మొద్దు. మల్టీమీటర్‌ని ఏసీ వోల్టుల్లో పెట్టి, ఒక ముల్లు గిటార్ తీగకీ రెండోది మైక్ జాలీకీ ఆనించి చూడు. ఒకటి రెండు వోల్టులు దాటి చూపిస్తే ఆ మైక్‌లో పాడొద్దు, ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా గిటార్ కూడా ముట్టుకోవద్దు. హమ్ పోతుందని ప్లగ్గుకున్న ఎర్త్ పిన్ను విరిచేవాళ్లుంటారు, వాళ్ల మాట వినకు. హమ్ ఎక్కడిదో తెలియాలంటే ముందు గిటార్‌లో వాల్యూమ్ సున్నా చెయ్యి. ఆగిపోతే అది పికప్ (తీగల కదలికని సిగ్నల్‌గా మార్చే భాగం) పట్టుకుంటున్నది. ఒకే తీగచుట్ట ఉండే సింగిల్ కాయిల్ పికప్ అయితే నువ్వు నిలబడే దిక్కు మార్చినా తగ్గుతుంది. ఆగకపోతే ఒక్కో పెడల్‌నీ వరసలోంచి తీసి చూడు.

చెన్నై ఉప్పుగాలికి జాక్‌లు చిలుము పడతాయి. నెలకోసారి కాంటాక్ట్ క్లీనర్ కొట్టు. తమిళ ఆరాధన ముగిసి మనది మొదలయ్యే లోపు నీకు దొరికేది పావుగంట. అందుకే అన్నీ బోర్డు మీద వెల్క్రోతో అంటించి, ప్యాచ్ కేబుళ్లు తగిలించే ఉంచు. శనివారం రాత్రి ఒక్కో జాక్‌నీ వేలితో కదిపి విను. గరగరమన్నది తీసి పక్కన పెట్టి, ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే రిచీ స్ట్రీట్‌కి వెళ్లినప్పుడు కొత్త జాక్ తెచ్చి టంకం వేసుకో. ఈలోగా బ్యాగులో రెండు కేబుళ్లు అదనంగా ఉండాలి.

అన్నయ్య