టెంటు వేసుకోవచ్చా అని అడిగిన తమ్ముడికి

"అన్నా, లాంగ్ వీకెండ్‌కి పిల్లల్తో టాల్‌గ్రాస్ ప్రెయిరీ, అదే ఇక్కడి పొడవు గడ్డి మైదానం, చూడ్డానికి పోదామనుకుంటున్నాం. అక్కడే టెంటు వేసుకోవచ్చా? బైసన్లు, అదే అమెరికా అడవి దున్నలు, కనిపిస్తాయా?" మొన్ననే కాన్సస్‌లో దిగిన ఓ తమ్ముడి సందేహం.

ముందు టెంటు సంగతి. వేసుకోనివ్వరు తమ్ముడూ. మొదటిసారి వెళ్ళినప్పుడు నేనూ కనుక్కోకుండా కారు నిండా సామాను కుక్కుకుని, పొద్దుగూకే వేళకి చేరి, అక్కడి బోర్డు చదివి తెల్లమొహం వేశాను. పడుకోవాలంటే కాటన్‌వుడ్ ఫాల్స్ ఊరి పక్కనున్న ఛేజ్ స్టేట్ ఫిషింగ్ లేక్‌కి వెళ్ళండి. అక్కడ పెద్ద సౌకర్యాలేం ఉండవు. కరెంటు కావాలంటే ఉత్తరాన కౌన్సిల్ గ్రోవ్ లేక్ మేలు.

కాన్సస్ సిటీ పక్కనున్న ఓవర్‌ల్యాండ్ పార్క్ నుంచి రెండు గంటల దారి. దార్లో వచ్చే ఎంపోరియా ఊళ్ళోనే కారుకి గ్యాస్ కొట్టించుకోండి. స్ట్రాంగ్ సిటీ దాటి ఉత్తరానికి రెండు మైళ్ళు వెళ్తే 1881 నాటి రాతి ఇల్లు, పెద్ద రాతి కొట్టం కనిపిస్తాయి. టిక్కెట్టు లేదు.

"గడ్డి చూడ్డానికి ఇంత దూరమా?" అంది మా ఆవిడ. అమెరికాలో ఒకప్పుడు 17 కోట్ల ఎకరాల్లో ఉన్న ఈ పొడవు గడ్డి ఇప్పుడు 4 శాతం కూడా మిగల్లేదు. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం ఈ చుట్టుపక్కల ఫ్లింట్ హిల్స్ అనే గుట్టల్లోనే ఎందుకుందంటే, పైన పల్చటి మట్టి, కింద సున్నపురాయి, చెకుముకిరాయి. నాగలి దిగలేదు, పశువులకి వదిలేశారు. సెప్టెంబరులో వెళ్తే బిగ్ బ్లూస్టెమ్ గడ్డి మనిషెత్తు దాటి ఉంటుంది. ఒక్క గెడ పట్టుకుని చూడండి, కొసన మూడు పాయలుగా చీలి కోడికాలులా ఉంటుంది. గాలి వీస్తే గుట్ట గుట్టంతా వరిచేనులా ఊగుతుంది. మా ఆవిడ నోరు మూయించింది నేను కాదు, ఆ గాలే. వసంతంలో వెళ్తే మాత్రం నల్లటి బూడిద కనిపించొచ్చు. కంగారు పడకండి, కావాలనే తగలబెడతారు. లేకపోతే చెట్లు మొలిచి గడ్డిని మింగేస్తాయి.

బైసన్లని 2009లో సౌత్ డకోటా నుంచి తెచ్చి ఇక్కడ వదిలారు. విండ్‌మిల్ పాస్చర్ అనే కంచె వేసిన బీడులో తిరుగుతుంటాయి, సీనిక్ ఓవర్‌లుక్ ట్రెయిల్ అనే నడకదారి దాని మధ్యలోంచే పోతుంది. కనిపిస్తే మీ అదృష్టం. మన గేదెల్లాంటివే కదా అని సెల్ఫీకి దగ్గరకెళ్ళకండి, గంటకి 35 మైళ్ళు పరిగెడతాయి. 100 గజాలు ఎడం ఉండండి. తోక పైకి లేపిందంటే వెనక్కి తగ్గాల్సిందే. బైసన్ ట్రెయిల్ మీదే పడుకుని ఉంటే ఆ ఎడంలోనే పులిహోర డబ్బా విప్పి, అది లేచి పోయేదాకా ఆగండి, లేదా వెనక్కి రండి. కుక్కని ఆ కంచెలోకి రానివ్వరు.

చెట్టు నీడ ఉండదు, నీళ్ళు మోసుకెళ్ళాలి. తెరిచిన గేటు మళ్ళీ వేయండి. ఎండాకాలమైతే పిడుదులు. ప్యాంటు సాక్సులోకి దోపుకోండి, ఇంటికి రాగానే పిల్లల చెవుల వెనక, మోకాళ్ళ వెనక వెతకండి. మా వాడికి తల వెంట్రుకల్లో దొరికింది, అదీ మర్నాడు స్కూలుకి బయల్దేరేటప్పుడు.