ఆంప్లిఫయర్‌లో మోత... వారంటీ వర్తించదంటున్నారు!

ప్రశ్న: మాది విశాఖ, ఎంవీపీ కాలనీలో పాత అపార్ట్‌మెంట్. పది నెలల కిందట డాబాగార్డెన్స్‌లోని ఒక షాపులో 42 వేలు పెట్టి ఇంటికి ఆంప్లిఫయర్ కొన్నాను. కొన్నాళ్లుగా పాట పెట్టకపోయినా స్పీకర్లలో గుయ్‌మని ఒకటే మోత. సర్వీస్ సెంటర్‌కు రెండుసార్లు తీసుకెళ్లాను. ‘మా దగ్గర బాగానే ఉంది, మీ ఇంటి ఎర్తింగ్ సమస్య, వారంటీ వర్తించదు’ అన్నారు. షాపువాళ్లేమో ఢిల్లీలోని కంపెనీని అడగమంటున్నారు. మధ్యలో చవితి పందిరికి రెండు రోజులు సెట్టు ఇచ్చాను. అది చెప్పాలా వద్దా అని టెన్షన్‌గా ఉంది. కేసు వేయవచ్చా?

జవాబు: వేయవచ్చు. కానీ ముందు ఆ మోత ఆంప్లిఫయర్‌దా, ఇంటిదా తేల్చుకోండి. లోపం ఉందని చూపించాల్సింది ఫిర్యాదు చేసినవారే.

స్పీకర్లు మాత్రం ఉంచి టీవీ, సెట్‌టాప్ బాక్స్ వగైరా ఇన్‌పుట్ వైర్లన్నీ పీకేయండి. అప్పుడూ మోత వస్తుంటే తప్పు చాలావరకు లోపలే. పవర్ సప్లైలో కరెంటును నిలకడ చేసే ఫిల్టర్ కెపాసిటర్లు దెబ్బతింటే ఇలా 100 హెర్ట్జ్ మోత వస్తుంది. అలా కాక, వైర్లు పీకగానే ఆగి, కేబుల్ టీవీ వైరు తగిలించగానే మళ్లీ మొదలైతే అది గ్రౌండ్ లూప్, అంటే ఒకటికి మించిన చోట్ల ఎర్త్ తగిలి వైర్లలో చుట్టుతిరిగే కరెంటు చేసే మోత. దానికి కంపెనీని బోనెక్కించలేం. సముద్రం పక్క ఊరు కదా, పాత భవనాల్లో ఎర్త్ పైపు తుప్పుపట్టి పేరుకే మిగలడం మామూలే. సర్వీస్ సెంటర్ మాట నిజమైనా కావచ్చు. ఎర్తింగ్ బాగున్న బంధువుల ఇంట్లో ఒకసారి పెట్టి చూడండి. ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేస్తే సరిపోతుందని ఎవరైనా అంటే వినకండి. మోత ఆగినా షాక్ ప్రమాదం ఉంటుంది, పైగా కంపెనీకి మీరే సాకు ఇచ్చినట్టు.

ఈ పరీక్షంతా ఫోన్‌లో ఆపకుండా ఒకే వీడియో తీయండి. వెనక సీరియల్ నంబరు కనిపించాలి, వైర్లు ఒక్కొక్కటీ ఊడదీయడం కనిపించాలి, మోత వినపడాలి. వినియోగదారుల కమిషన్‌లో వేసేటప్పుడు, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావాల్సిన ధ్రువపత్రం, అంటే భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ సర్టిఫికెట్ జతచేయండి. కేసు తేలేదాకా ఆ ఫోన్ మార్చకండి.

మీ ఉత్తరంలో జాబ్ షీట్ (సర్వీస్ సెంటర్ రాసిచ్చే రిపేరు చీటీ) ఊసే లేదు. సర్వీస్ సెంటర్ వాళ్లు ఆ మాట నోటితో అన్నారా, రాసిచ్చారా? ఏడాది వారంటీ అయితే ఇంకా రెండు నెలలుంది. మళ్లీ వెళ్లి, ‘ఇన్‌పుట్లు లేకుండానే మోత’ అని మీ మాటల్లోనే ఫిర్యాదు రాయించండి. వాళ్లు ఏం పరీక్షించారో కూడా రాయించి, తేదీ వేయించండి. వాళ్లు రాసివ్వబోమంటే ఆ సాయంత్రమే అదంతా వాళ్లకు మెయిల్ చేయండి. గడువులోగా ఇచ్చిన ఫిర్యాదుకు ఆధారం ఉంటే, తర్వాత వారంటీ ముగిసిందని తప్పించుకోవడం వాళ్లకు కష్టం. ఈలోగా బయటి మెకానిక్‌తో మాత్రం మూత విప్పించకండి.

పందిరి సంగతి దాచొద్దు. అద్దె తీసుకోకుండా ఇస్తే అది వ్యాపార వినియోగం కాదు. మోత అంతకుముందే మొదలైందని సర్వీస్ సెంటర్ తేదీతో చూపగలిగితే ఇంకా మంచిది. దాచింది తర్వాత బయటపడితే మీ మిగతా మాటలూ నమ్మరు.

ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేయించండి. తర్వాత షాపుకు, కంపెనీకి ఇద్దరికీ పదిహేను రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. కదలిక లేకపోతే విశాఖ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే చోటే కేసు వేయవచ్చు, ఢిల్లీ వెళ్లక్కర్లేదు. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు, గడువు రెండేళ్లు. అవసరమైతే కమిషన్ సెట్టును ల్యాబ్‌కు పంపుతుంది, ఆ ఖర్చు మీరు ముందుగా కట్టాల్సి రావచ్చు. మామూలుగా మూడు నెలల్లో, ల్యాబ్ పరీక్ష ఉంటే ఐదు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది గానీ, అంతకన్నా ఎక్కువే పడుతుందని మనసులో పెట్టుకోండి.

ఉచిత రిపేరు, లేదా కొత్త సెట్టు, లేదా డబ్బు వాపసు అడగండి. తిరిగిన ఖర్చులు, ఓ మోస్తరు పరిహారం చేర్చండి. మనోవేదనకు ఐదు లక్షలని రాస్తే కమిషన్‌లో నవ్వుకుంటారు. షాపువాళ్లు అడిగినా ఒరిజినల్ బిల్లు చేతికివ్వకండి, జిరాక్స్ చాలు.