కీబోర్డుకి గిటార్ పెడల్స్ పెట్టొచ్చా?

ప్రశ్న: మా అన్నయ్య గిటార్ మానేశాక ఓవర్‌డ్రైవ్ (సౌండ్‌ని గరగరలాడించేది), ఫేజర్ (సౌండ్‌ని అలలా తిప్పేది), డిలే (వాయించింది మళ్ళీ వినిపించేది) పెడల్స్ మూడూ నా దగ్గరే ఉండిపోయాయి. కీబోర్డుకి పెడితే ఏదైనా పాడవుతుందా? ఓవర్‌డ్రైవ్ కలిపి చూస్తే ఒకటే గరగర, ఏ కార్డ్ పట్టుకున్నానో నాకే తెలీలేదు.

జవాబు: మామూలుగా ఏదీ పాడవదండి, ధైర్యంగా వాడుకోండి. గరగరకి మొదటి కారణం లెవెల్. గిటార్ పికప్ (తీగ కదలికని సిగ్నల్‌గా మార్చే భాగం) నుంచి వచ్చే సిగ్నల్ చిన్నది, పెడల్స్ దానికి తగ్గట్టే చేస్తారు, కీబోర్డు నుంచి వచ్చేది లైన్ లెవెల్, అంటే మిక్సర్ లాంటివాటికి నేరుగా ఇచ్చే స్థాయి, చాలా పెద్దది, అందుకే పెడల్‌లోకి వెళ్ళగానే సౌండ్ పగిలి గరగరలాడుతుంది. ముందు ఫేజర్ ఒక్కటే పెట్టి, కీబోర్డు వాల్యూమ్ బాగా తగ్గించి, రెండు చేతులతో గట్టిగా వాయిస్తూ మెల్లగా పెంచుకుంటూ పోండి, సౌండ్ పగలడం మొదలైతే కాస్త వెనక్కి తగ్గించి అక్కడే ఉంచేయండి. తగ్గిన సౌండ్ ఆంప్‌లోనో మిక్సర్‌లోనో పెంచుకోవచ్చు.

కేబుల్ ఒక్కటే, అదీ ఎల్/మోనో అని రాసున్న జాక్‌లో పెట్టండి, అప్పుడు స్టీరియోలో రెండు వైపులా కీబోర్డే కలిపి ఇస్తుంది. హెడ్‌ఫోన్ జాక్ తప్ప ఇంకేం లేకపోతే గిటార్ కేబుల్ నేరుగా గుచ్చకండి, మోనో పిన్ వల్ల ఒక వైపు షార్ట్ అవుతుంది, స్టీరియోని రెండు మోనోలుగా విడదీసే కేబుల్ తీసుకుని ఒక వైపు మాత్రం పెడల్‌కి ఇవ్వండి.

ఇక కార్డ్ సంగతి. ఓవర్‌డ్రైవ్‌లోకి నాలుగైదు స్వరాలు ఒకేసారి వెళ్తే అవి ఒకదానితో ఒకటి కలిసి అసలు మీరు వాయించని స్వరాలు కూడా పుట్టుకొస్తాయి, అదే ఆ గందరగోళం. స, ప రెండే పట్టుకోండి, లేదా ఒక్కో నోట్ లీడ్ వాయించండి, ఎంత నిండుగా ఉంటుందో మీకే వినిపిస్తుంది. కీబోర్డులో ఉన్న రివర్బ్ (గదిలో ప్రతిధ్వని లాంటి ఎఫెక్ట్) మాత్రం తప్పకుండా ఆపేయండి, లేకపోతే నోట్ వదిలేశాక మిగిలే ఆ తోక కూడా గరగరలాడుతుంది. పెడల్స్ వరస అంటారా, ఓవర్‌డ్రైవ్, ఫేజర్, చివర డిలే.

టోన్ ఏది ఎంచుకుంటారన్నది చాలా ముఖ్యం. మామూలు పియానోకి ఇవేవీ నప్పవు అనే నా అభిప్రాయం. ఎలక్ట్రిక్ పియానో టోన్ పెట్టి ఫేజర్ స్పీడ్ బాగా తగ్గించి వాయించండి, 1970ల్లో ఫెండర్ రోడ్స్ అనే ఎలక్ట్రిక్ పియానో వాయించినవాళ్ళు చాలామంది ఇష్టపడ్డ సౌండ్ అదే, రోడ్స్‌లో కూడా గిటార్‌లాగే పికప్సే ఉంటాయి మరి. ఓవర్‌డ్రైవ్‌కి ఆర్గాన్ టోన్ బాగుంటుంది, డీప్ పర్పుల్ బ్యాండ్‌లో జాన్ లార్డ్ హేమండ్ ఆర్గాన్‌ని మార్షల్ ఆంప్‌లోకి పంపి వాయించినవి వినండి. కొన్ని ఓవర్‌డ్రైవ్ పెడల్స్ కింది స్వరాల్ని బాగా కోసేస్తాయి, మీదీ అలాంటిదైతే ఆ పెడల్ నొక్కినప్పుడు బేస్ వేరేవాళ్ళకి వదిలేసి కుడి చేత్తోనే వాయించండి.