వాన లేకపోయినా వ్యాన్ గోడల్లో తేమ ఎందుకు?

క్యాంపర్ వ్యాన్‌లో ఎక్కడా లీకేజీ లేదు, అయినా గోడ ప్లైవుడ్ ఉబ్బుతోందని అడిగారు. మేమూ ఇదే టెన్షన్ పడ్డాం అన్నా. మాది తిరుపతి. పాత టెంపో ట్రావెలర్ కొని లోపల మంచం, చిన్న వంటగట్టు పెట్టించాం. డిసెంబరులో హార్స్‌లీ హిల్స్ పైన నలుగురం చలికి అద్దాలన్నీ బిగించి పడుకున్నాం. తెల్లారేసరికి పైనుంచి చుక్కలు! మబ్బు కూడా లేని రాత్రి. అయినా రూఫు కారుతోందనే అనుకుని, ఇంటికొచ్చి సీలెంట్‌కు డబ్బులు తగలేశాను.

చల్లటి నీళ్ల చెంబుకు బయట చెమ్మ పడుతుంది కదా, అదే ఇది. చెంబు బదులు వ్యాన్ రేకు. ఆవిరి మన ఊపిరిది, పొయ్యిది. కిలో గ్యాస్ మండితే దాదాపు ఒకటిన్నర కిలోల నీటి ఆవిరి పుడుతుంది. మేమేమో టీ, అన్నం అన్నీ లోపలే!

గోడ విప్పిస్తే, వేడి-చలి ఆపడానికి లోపల నింపిన గ్లాస్ ఊల్ (గాజు దూది) తడిసి ముద్దై కిందికి జారిపోయింది. వెనక రేకును నిలబెట్టే ఇనుప రిబ్బులు (పట్టీలు) తుప్పు. గ్లాస్ ఊల్ ఆవిరిని ఆపదు, రేకు దాకా పోనిస్తుంది.

విదేశీ వీడియోలు చూసి, లోపలి ఆవిరి గోడలోకి పోకుండా ప్లైవుడ్ వెనక పాలిథిన్ షీటు కూడా వేయించాను. అది చలిదేశాల పద్ధతి. మన దగ్గర సెప్టెంబరు ఉక్కపోతలో ఏసీ వేస్తే చల్లని వైపు లోపలే. బయటి ఆవిరి సందుల్లోంచి దూరి ఆ షీటు వెనకే నీళ్లవుతుంది. అందుకే అది పీకేసి, తుప్పు గీకించి రెడాక్సైడ్ (తుప్పు పట్టనివ్వని ఎర్ర పెయింటు) కొట్టించాను. ఏసీ పైపులకు చుట్టే నల్ల నైట్రైల్ రబ్బరు షీటును, ఆవిరి రేకును తాకకుండా, గాలి సందు లేకుండా రేకుకు అంటించాం. రిబ్బులను వదిలితే వాటి మీదే నీళ్లు పడతాయి, వాటికీ అంటించాలి.

ఇప్పుడు వంట బయట. ఎంత చలైనా ఒక కిటికీ వేలెడంత తెరిచి, పైన ఫ్యాన్ సన్నగా తిప్పుతాం. మా ఆవిడ గొణుగుతుంది గానీ దుప్పట్లు తడవట్లేదు. తేమ పీల్చే సిలికా జెల్ ప్యాకెట్లు మాత్రం కొనకండి, నలుగురి ఊపిరికి అవేం చాలుతాయి?

మీరు ఏదైనా విప్పేముందు, వానలేని చల్లని రోజుల్లో ఒక రాత్రి వ్యాన్ ఖాళీగా మూసి ఉంచండి, మరో రాత్రి అందులో పడుకోండి. పడుకున్న రాత్రే తడి కనిపిస్తే సీలెంట్ జోలికి పోవద్దు.