షుగర్ అదుపులోకి వస్తే ఈ మచ్చలు పోతాయా?

షుగర్ అదుపులో పెట్టుకుంటే కాళ్ళ మీది నెక్రోబయోసిస్ లిపాయిడికా (మధుమేహం ఉన్నవారిలో ఎక్కువగా కనిపించే ఒక చర్మవ్యాధి) మచ్చలు వాటంతటవే పోతాయా అని అడిగారు. ఏళ్ల తరబడి ఈ మచ్చలతో ఉన్న మనిషిగా చెబుతున్నాను, అంత ఆశ పెట్టుకోకండి. నా హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చూపే పరీక్ష) 7 దాటని కాలంలోనే ఎడమ కాలి మచ్చ పెరిగింది. కళ్ళకూ మూత్రపిండాలకూ అవసరం కనుక షుగర్ అదుపును వదలమని అనడం లేదు. ఈ మచ్చలు దాని మాట వింటాయన్న నమ్మకం మాత్రం నాకు లేదు. మధుమేహం లేనివారికి కూడా ఇది వస్తుందని తెలిశాక, నా కాలి వంక చూస్తూ "ఇంకా తీపి మానలేదా?" అని అడిగేవారికి జవాబు చెప్పడం మానేశాను.

చికిత్స సంగతి నాకు నిజంగా అర్థమైంది ఇంజెక్షన్ వేసిన రోజున. మచ్చ నడుమ పసుపుపచ్చగా, మైనం పూసినట్టు నిగనిగలాడుతూ, సన్నని రక్తనాళాలు పైకి కనిపిస్తూ ఉండేది. చుట్టూ ఎర్రటి గట్టు ఉండేది. చర్మవైద్యురాలు ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్ మందును ఆ గట్టు వెంబడే కొద్దికొద్దిగా ఎక్కించుకుంటూ పోయారు తప్ప నడిమి భాగాన్ని ముట్టుకోలేదు. చూడడానికి వికారంగా ఉన్నది నడుమే కదా, అక్కడెందుకు వేయరని అడిగాను. వ్యాధి చురుకుగా ఉన్నది అంచులోనేనని, నడుమ ఇప్పటికే పలచబడిన చర్మాన్ని స్టెరాయిడ్ మరింత పలచన చేస్తే పుండు పడే ప్రమాదం పెరుగుతుందని ఆమె వివరించారు. కొన్ని వారాలకు గట్టు చదునై ఎరుపు తగ్గింది. నడిమి పసుపు అలాగే మిగిలింది. పెరగడం ఆగితే చాలునన్నది నా అభిప్రాయం.

స్టెరాయిడ్ పూతలు, టాక్రోలిమస్ పూత, కాంతి చికిత్స వంటివి కూడా వాడతారు కానీ, అందరికీ కచ్చితంగా పనిచేసే మందు లేదు. అందుకే నా లెక్కలో దెబ్బ తగలకుండా కాపాడుకోవడమే సగం వైద్యం. ఈ మచ్చలున్నవారిలో మూడోవంతు మంది దాకా పుండ్లు పడతాయి, అవి చాలాసార్లు చిన్న దెబ్బతోనే మొదలవుతాయి. మంచం కోడు తగిలి చర్మం చిట్లినప్పుడు అది మానడానికి పట్టిన కాలం తలచుకుంటే ఇప్పటికీ విసుగే. తామర అనుకొని ఏదో ఒక పూత రాసి గీకేవారిని చూస్తే మరీ కోపం వస్తుంది. పుండు ఎంతకూ మానకపోయినా, దాని అంచు గట్టిపడి పైకి లేచినా వెంటనే చూపించుకోండి. అరుదుగానైనా పాత పుండ్లలో స్క్వేమస్ సెల్ క్యాన్సర్ అనే చర్మ క్యాన్సర్ రావచ్చు.