చార్మినార్ ఎక్కడికీ పోదు

అమ్మలూ,

అల్లుడికి సెలవు దొరక్కపోతే నువ్వే టికెట్లు తీసి, అత్తగారినీ చంటిదాన్నీ హైదరాబాద్ తీసుకెళ్తున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. పొద్దున్నుంచి వచ్చినవాళ్ళందరికీ అదే చెప్పుకున్నాను. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. ఉన్నది ఒక్క రోజు, చార్మినార్ చూడాలా, సాలార్‌జంగ్ మ్యూజియం చూడాలా అని అడిగావట.

ముందు మ్యూజియం. పదింటికి తలుపు తీసేసరికి అక్కడుండు. శుక్రవారం మాత్రం పోకు, మ్యూజియం ఉండదు, మధ్యాహ్నం చార్మినార్ పక్కనున్న మక్కా మసీదు దగ్గర నమాజు జనం. నీళ్ళు, అత్తగారి మాత్రలు నీకు చెప్పక్కర్లేదు.

చెప్పాల్సింది వేరే ఉంది. 1982లో మీ నాయనమ్మను తీసుకెళ్ళాను. చీరాలలో కండెలు చుట్టి, గుంటమగ్గంలో కాళ్ళు పెట్టుకుని ముప్పై ఏళ్ళు నేసిన మనిషి. మ్యూజియంలో ఒక పాలరాతి అమ్మాయి ఉందని, ముఖం మీది ముసుగు కూడా రాయేనని, అందులోంచి కళ్ళూ ముక్కూ తెలుస్తాయని ఎవరో చెప్పారు. బెంజోనీ అనే ఇటలీ ఆయన చెక్కిన రెబెకా అది, 1876లో నిజాం దివాను మొదటి సాలార్‌జంగ్ రోమ్‌లో కొన్నాడు. ఆ సంగతులు అమ్మకెందుకు? "రాయిని అంత పలచగా ఎలా నేశాడ్రా?" అని రైల్లో దారి పొడుగునా అడిగింది. చెక్కాడు అనలేదు, నేశాడు అంది.

నాకేమో ఫోటోల పిచ్చి. అరువు తెచ్చిన కెమెరా ఒకటి మెళ్ళో. వెలుతురుండగానే చార్మినార్ ఎక్కాలని పట్టుబట్టాను. మెలికలు తిరిగే ఇరుకు మెట్లు, ఒక్కోటి ఎంత ఎత్తో! వెనక జనం తోస్తుంటే మధ్యలో ఆగడానికి లేదు. అమ్మ గోడ పట్టుకుని ఎక్కింది, నోరెత్తలేదు. దిగాక కిందిమెట్టు మీద కూలబడింది. సోడా తాగించి రిక్షా ఎక్కించాను.

మ్యూజియం చేరేసరికి నాలుగు కావస్తోంది. పాటల గడియారం ముందు జనం. గడ్డం బొమ్మ బయటికొచ్చి గంట కొడుతుందే, దానికోసం. అమ్మ అక్కడే బెంచీ మీద కూర్చుని, "నువ్వు చూసి రారా, నాకు కాళ్ళు లేవు" అంది. వెళ్ళి చూశాను. చూడకుండా ఎలా వస్తానూ?

తిరిగొచ్చాక ఒక్కటే అడిగింది. "ముసుగు అంచు ఎలా ఉంది?"

నేను ముఖం చూశాను అమ్మలూ. అంచు చూడలేదు. బావుందమ్మా అన్నాను. నా మొహం చూసి మళ్ళీ అడగలేదు.

తర్వాత రెండుసార్లు హైదరాబాద్ వెళ్ళాను, ఆ గదిలోకి పోబుద్ధి కాలేదు.

చార్మినార్‌ది ఏముంది? 1591 నుంచి నడిరోడ్డు మీదే ఉంది, తలుపులు వేసెయ్యరు. మ్యూజియం నుంచి కిలోమీటరున్నర ఉంటుంది, ఎండ తగ్గాక ఆటోలో పోండి. దీపాలు వెలిగాక పత్తర్‌గట్టి వైపు నుంచి చూస్తే చాలు. పైకెక్కినవాడికి చార్మినార్ కనబడదు, గాజులమ్మే లాడ్ బజార్ కనబడుతుంది. అత్తగారు సరదాపడినా ఎక్కనివ్వకు. ఆవిడ నొప్పి చెప్పే మనిషి కాదు, మొహమాటం. నువ్వు గాజుల కొట్ల ముందు మైమరచి చంటిదాని చెయ్యి వదిలావంటే వచ్చాక నా చేత తిట్లు తింటావు. డజను గాజులకు డబ్బు నేనిస్తాను, బేరం మాత్రం అత్తగారిని ఆడనీ.

రెబెకా గదిలో తొందరపడకు. ముసుగు అంచు ఎక్కడ మడత పడిందో, గుడ్డ ఎక్కడ ఒంటికి అంటిందో చూసి నాకు రాయి. ఫోటో వద్దు, రాయి.

మీ పెదనాన్న