అక్క మా బావను కొట్టింది, ఆమెకు పిచ్చా, పొగరా?

చిన్నప్పుడు నాయన చేతిలో, పెళ్లయినాక బావ చేతిలో దెబ్బలు తిన్న మీ అక్క, కడపలో మొన్న రాత్రి ఆయన్ని రోకలిబండతో కొట్టి చేయి విరగ్గొట్టిందని రాశారు. పిచ్చో పొగరో తేల్చే ముందు ఆమె గతం అడగండి. భర్తపై చేయి చేసుకున్న ఆడవాళ్లలో చాలామంది బాల్యంలోనో, అదే భర్త వల్లనో హింస పడ్డవాళ్లేనని పరిశోధనల్లో పదేపదే తేలింది. అలాంటి మనిషికి తాగిన వాసన, తలుపు దబాలున మూసిన చప్పుడు చాలు, ఆలోచన రాకముందే చేయి లేస్తుంది.

ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టి అడగండి, బావ ఎదుట వద్దు. "ఎందుకు కొట్టినావు?" అంటే నోరు మూసుకుంటుంది. "దానికి ముందు అరగంటలో ఏం జరిగింది?" అనండి. ముందూ వెనకా కలగలిపి చెబితే అబద్ధమనుకోవద్దు, భయంలో పడిన జ్ఞాపకం వరసగా రాదు. ఆ ఇంట్లో ఎవరు ఎవరికి భయపడుతున్నారు, డబ్బు, ఫోను, పుట్టింటి రాకపోకలు ఎవరి అదుపులో ఉన్నాయి? అసలు సంగతి అక్కడ తెలుస్తుంది. భయపడేది బావే అయితే ముందు ఆయనకూ పిల్లలకూ రక్షణ చూడాలి. ఆమె గతం వైద్యానికి కారణం, కొట్టడానికి అనుమతి కాదు.

ఆమె ఒంటిమీదా దెబ్బలుంటే ఈరోజే సర్కారు ఆసుపత్రికి తీసుకెళ్లి, ఎవరు కొట్టారో చెప్పి ఎంఎల్‌సీ (కేసుకు పనికొచ్చే దెబ్బల వైద్య నమోదు) రాయించండి. కమిలిన గుర్తులు రెండు వారాల్లో చెరిగిపోతాయి, తర్వాత చూపించడానికి ఏమీ మిగలదు.

ఆమె మీద కేసు పెడితే, గతంలో పడిన బాధ ఒక్కటే విడిపించదు. ఆత్మరక్షణ హక్కు (భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 సెక్షన్లు) ఆ క్షణంలో ప్రమాదం ఉంటేనే పనికొస్తుంది, నిద్రపోతున్నవాణ్ని కొడితే నిలబడడం కష్టం. అందుకే ఆ అరగంట ముఖ్యం. లాయరుకు డబ్బు లేదని ఆగొద్దు. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది, 15100కు ఫోన్ చేయండి. తను కొట్టినా సరే, 2005 గృహహింస చట్టం కింద రక్షణ అడగొచ్చు.

పెద్దమనుషుల పంచాయితీలో ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టొద్దు. అక్కడ నిజం చెబితే ఆ రాత్రి ఇంట్లో శిక్ష పడుతుంది. కోపం తగ్గించుకొమ్మనే కౌన్సెలింగ్ ఒక్కటే ఇచ్చినా సరిపోదు, లోపలున్నది కోపం కాదు, భయం. ముందు వేరే చోట పడక, ఆ తర్వాత చికిత్స. మనసుకు తగిలిన ఈ గాయానికి చేసే మాటల చికిత్స సాధారణంగా 8 నుంచి 12 విడతలు పడుతుంది. సర్కారు మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలిమానస్ 14416లో తెలుగులో మాట్లాడొచ్చు. చావాలని ఉందా అని సూటిగా అడగండి; అవునంటే ఒంటరిగా వదలకుండా అప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్లండి.